నూరు రోజుల కాపలా

మా ఆయన నలభై ఏళ్ళపాటు ఊరందరి నొప్పులకీ అరచెయ్యి అడ్డం పెట్టాడు. మోకాళ్ళు, నడుములు, కడుపు పండని కోడళ్ళు, నిద్రపట్టని మామగార్లు, ఎవరొచ్చినా కాదనలేదు. నా ఒక్కదాని బాధకి మాత్రం ఎప్పుడూ ఒకటే మందు చెప్పేవాడు: "కోప్పడకే." ఆ మాట వింటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆయన పేరు గువో బావోషాన్. తైయువాన్ నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు బాయిలర్‌కి బొగ్గు వేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు సొంతూళ్ళో ఎముకలు కట్టే ముసలాయన దగ్గర చీగోంగ్ అనే ఊపిరి విద్య నేర్చుకున్నాడు. నొప్పి ఉన్నచోటికి మూడు వేళ్ళ ఎడంలో అరచెయ్యి ఉంచి ఊపిరి నిలిపితే, ఆయన ప్రాణశక్తి అవతలివాళ్ళలోకి పోతుందని అందరి నమ్మకం. వాళ్ళలోకి ఏం వచ్చేదో నాకు తెలియదు. ఈయనలోంచి పోయేదేమిటో మాత్రం నాకే తెలుసు. సాయంత్రానికి పెదాలు తెల్లబడేవి, చేతులు చల్లబడేవి. కొర్ర గంజి గిన్నె నేనే నోటి దగ్గర పట్టేదాన్ని. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని నేను, పోనీలేవే అని ఆయన. మా కాపురమంతా ఈ రెండు ముక్కలే.

అప్పట్లో దేశమంతటికీ ఈ చీగోంగ్ పిచ్చి పట్టుకుంది. పార్కులో మనుషులు చెట్లను కావలించుకుని ఏడ్చేవాళ్ళు. మా వీధిలో ఒకావిడ ఆకాశం నుంచి శక్తి పడుతుందని నెత్తిన అల్యూమినియం గిన్నె బోర్లించుకుని కూర్చునేది. అలాంటి రోజుల్లో ఊరికే చెయ్యి పెట్టే గువో మాస్టారు దొరికితే వదులుతారా? మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

కొత్త సంవత్సరానికి వారం ముందు ఒకే రోజు పదకొండు మందికి చెయ్యి పెట్టాడు. ఆ తరవాత పొయ్యిలోకి బొగ్గు ఇటుకలు తెస్తానని కొట్టుగదిలోకి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే బొగ్గు మీద బోర్లా పడి ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ, కళ్ళజోడు పెట్టుకున్న చిన్నపిల్ల, కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించింది.

"తాతగారి గుండె బాగా అలిసిపోయిందండీ. నెలల తరబడి విశ్రాంతి కావాలి. ఇంకోసారి ఇలా పడితే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు" అంది.

ఇంటికొచ్చాక ఆయన మంచం మీద కూర్చున్నాడు. "నూరు రోజులు తలుపులు మూసుకుంటానే" అన్నాడు.

పోగొట్టుకున్న సత్తువని మళ్ళీ కూడబెట్టుకోవడానికి వాళ్ళ విద్యలో ఉన్న పద్ధతి అది. నూరు రోజులు మాట్లాడకూడదు, మాటతో ఊపిరి కారిపోతుందట. వాకిలి దాటకూడదు. ఎవరికీ చెయ్యి పెట్టకూడదు. తెల్లారి తూర్పు గోడ ఎదురుగా, తొట్టిని కావలించుకున్నట్టు చేతులు చాచి గంటసేపు కదలకుండా నిలబడాలి. ఉమ్మి ముప్పై ఆరుసార్లు మింగాలి. తొమ్మిదింటికల్లా పడుకోవాలి. మొగుడూ పెళ్ళాం వేరే మంచాలు. మా వయసుకి అదేం పెద్ద త్యాగం కాదు. ఎక్కడ తప్పినా మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. ఆ చిన్న డాక్టరమ్మా, ఎప్పుడో చచ్చిపోయిన ఆయన గురువూ, నేనూ మొదటిసారి ఒకే మాట మీదికొచ్చాం. ఈ నూరు రోజులు నిలిస్తే మనిషి దక్కుతాడు, నిలవకపోతే దక్కడు.

కొత్త సంవత్సరం వేడుకలు ముగిసే లాంతర్ల పండుగ మర్నాడు ఆయన నోరు మూసుకున్నాడు. నేను వాకిట్లో పీట వేసుకుని కూర్చుని నోరు తెరిచాను.

మొదటి రోజే ఎదురింటి పాంగ్ వచ్చింది. మా వాకిలి నాలుగు కుటుంబాలది, ఆవిడని రానివ్వకుండా గేటు వేయడం కుదరదు.

"సుయిలాన్ అక్కా, నేనేం అడగడానికి రాలేదు. ఊరికే, మాస్టారు ఎలా ఉన్నారో చూసిపోదామని."

"బాగానే ఉన్నారు. పో."

"చూడనిస్తేగా! అబ్బబ్బబ్బా, ఈ మోకాలు..." అంటూ మా కిటికీ వైపు తిరిగి వీధి చివరికి వినబడేలా మూలిగింది.

"ఆ మూలుగేదో మీ ఆయన కిటికీ కింద మూలుగు. ఆయనకేం చెవుడా?"

"ఎంత మాట! నువ్విలా అరుస్తుంటే మాస్టారికి శక్తి ఎలా నిలుస్తుందక్కా? ఇంట్లో కోపం ఉంటే గాలి పాడవుతుందని ఆయనే కదా చెప్పేది."

చూశారా న్యాయం? నలభై ఏళ్ళు పీల్చి పిప్పిచేసింది వాళ్ళు, గాలి పాడుచేసేది నేను. ఆ తరవాత వచ్చిన ప్రతివాళ్ళూ ఇదే పాట. కోపం వద్దు పిన్నీ, కోపం వద్దు అక్కయ్యా. ఇంకొకరి ఇంటి గుమ్మం తొక్కకుండా ఉంటే నాకు కోపం ఎందుకొస్తుంది అని ఒక్కరికీ తోచలేదు.

ఇరవయ్యో రోజుకి గుడ్లు, వెనిగర్ సీసాలు, సిగరెట్ పెట్టెలు గుమ్మంలో పెట్టి పోవడం మొదలుపెట్టారు. అన్నీ ఎత్తుకెళ్ళి వీధిలో పెట్టాను. ముప్పయ్యో రోజున తీగ మీద ఆరేసిన ఆయన చొక్కాకి ఒక్క గుండీ లేదు. గుండీలో శక్తి ఉంటుందని ఎవరో కత్తిరించుకుపోయారు. ఆ తరవాత ఆయన బట్టలు ఇంట్లో పొయ్యి మీద ఆరబెట్టేదాన్ని. చొక్కాలన్నీ పొగ కంపు.

నలభై నాలుగో రోజు తెల్లారి పెరటి గోడ అవతల దగ్గు వినబడింది. ఆయన ఇవతల నిలబడి ఊపిరి చూసుకుంటున్నాడు. నేను చప్పుడు చేయకుండా వీధిలోకి వెళ్ళి చూశాను. పదిహేడు మంది! మా గోడకి వీపులు ఆనించి, కళ్ళు మూసుకుని, వరసగా నిలబడి ఉన్నారు. ఆయన గోడకి ఇవతల కూడబెడుతుంటే వీళ్ళు అవతల తోడుకుంటున్నారు. నాకు ఒళ్ళు తెలియలేదు. గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్ తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరదాకా పోశాను. అందరూ తిట్టుకుంటూ పరిగెత్తారు. ఒక్క ముసలాయన మాత్రం తల మీద సేమ్యా ముక్క తీసుకుంటూ, "మాస్టారు మొహం కడుక్కున్న నీళ్ళేనా తల్లీ?" అని ఆశగా అడిగాడు.

లోపలికొస్తే మా ఆయన నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, భుజాలు ఊగేలా. నాకు ఇంకా మండింది.

మాట లేదు కనక పలక మీద రాసేవాడు. ఎక్కువగా ఒకటే ప్రశ్న: "ఎవరు వచ్చారు?" నేను "గాలి" అనేదాన్ని. ఒకసారి పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చిన ఎవరో కోడలిని గుమ్మంలోంచే పంపించాను. ఆయన పలక ఎత్తి చూపించాడు: "రానివ్వు." నేను ఆ సుద్ద అక్షరాలు చేతి గుడ్డతో తుడిచేశాను.

"పిల్లవాడికి జలుబు! జలుబయ్యా, జలుబు! అల్లం నీళ్ళు తాగితే పోతుంది. నువ్వు పోతే ఏం తాగను నేను?" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. పలక మీద మెల్లగా రాశాడు: "నీ మొహం ఎర్రగా ఉంది. కూర్చో. ఊపిరి చూసుకో."

"నాకు తీరిక లేదు. నువ్వు నీది దాచుకో. నాది నేను ఖర్చు పెట్టుకుంటా."

అప్పటికే సాయంత్రమయ్యేసరికి నా ఎడమ చెవిలో ఈల మోగేది. మెడ వెనక బరువు. ఆయన దాచుకోవాలి, నేను కాపలా కాయాలి, కాపలా కుక్కకి ఊపిరి లెక్కలెందుకు అనుకున్నాను. కోపం కూడా సత్తువలోంచే వస్తుందని, ఆ మనిషి పక్కన నలభై ఏళ్ళు బతికి కూడా నా బుర్రకెక్కలేదు.

అరవై రోజులు దాటాక న్యే సెక్రటరీ వచ్చాడు. మిల్లులో రిటైరైనవాళ్ళ వ్యవహారాలు చూసే మనిషి. నున్నగా దువ్విన తల, చేతిలో బిస్కట్ డబ్బా.

"అక్కయ్యగారూ, మన ఆడిటోరియంలో పెద్ద సభ. నగర పెద్దలొస్తున్నారు. మాస్టారు మాట్లాడక్కర్లేదు, ఊరికే వేదిక మీద కూర్చుంటే చాలు. వెయ్యిమందికి మేలు."

"కూర్చున్నా పోతుంది. ఆయనకి కుదరదు."

"కాస్త పోతే ఏమవుతుంది? మాస్టారి దగ్గర సముద్రమంత ఉంది."

"సముద్రం బొగ్గు కొట్లో బోర్లా పడుతుందా?"

న్యే నవ్వు తగ్గించాడు. "ఈ ఇల్లు మిల్లు ఇచ్చింది. మరిచిపోయారేమో."

"ఆ మిల్లుకి ముప్పై ఏళ్ళు వేడి ఇచ్చింది ఎవరో నువ్వు మరిచిపోయినట్టున్నావు. డబ్బా తీసుకుపో. బిస్కట్లు నా పళ్ళకి పట్టవు."

వెళ్ళాడు. నేను రాత్రంతా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

అయినా రోజులు నిలిచాయి. ఎనభై. ఎనభై ఐదు. ఆయన పెదాలకి రంగొచ్చింది. చేతులు వెచ్చబడ్డాయి. ఒక పొద్దున రెండు గిన్నెల గంజి తాగి మూడోదానికి గిన్నె చాచాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు లేక చేతి గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చాను. మూడో గిన్నెలో రెండు ఎండు రేగుపళ్ళు ఎక్కువ వేశాను.

తొంభై ఒకటో రోజు మధ్యాహ్నం ఎండ మండుతోంది. న్యే సెక్రటరీ మూడు చక్రాల తొక్కుడు బండి తొక్కుకుంటూ స్వయంగా వచ్చాడు. చెమటతో దువ్వెన గీతలు చెరిగిపోయాయి. వెనక చాప మీద వాళ్ళమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, పిట్టంత ఉంది. ఎక్కిళ్ళు పెడుతోంది.

"తొమ్మిది రోజులుగా ఆగట్లేదు అక్కయ్యగారూ. ముద్ద దిగట్లేదు. ఆసుపత్రి మందులు పనిచేయలేదు. కాళ్ళు పట్టుకుంటా."

"నాకూ తొమ్మిదే రోజులు కావాలి! నూరు నిండిన మర్నాడు రా. నేనే బండి తొక్కి మీ అమ్మని తెస్తా."

"అప్పటిదాకా ఆవిడ ఉండకపోతే?"

"ఈయన ఉండకపోతే?"

"మాస్టారికి బాగైపోయిందని వీధంతా చెప్పుకుంటోంది! బాగైన మనిషిని పెట్టెలో పెట్టి దాచుకుంటున్నావు. నీకసలు మనసుందా?"

"మనసు గురించి నువ్వు చెప్పాలి నాకు! సభలో కూర్చోబెట్టి ఆడిద్దామనుకున్నవాడివి!"

పాంగ్ గుమ్మంలోకొచ్చింది. మిగతా ఇళ్ళవాళ్ళూ వచ్చారు. "పాపం ముసలావిడ", "ఒక్కసారికేముందిలే" అని గుసగుసలు. ఎద్దు పుండు కాకికి నొప్పా? బండిలోంచి ఆవిడే అంది, "పదరా... ఇంటికి... పోదాం. ఎందుకురా... ఆవిడ్ని..." ఒక్కో ముక్కకీ ఒక ఎక్కిలి.

అప్పుడు తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే గడప మీద మా ఆయన. చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.

"లోపలికి పో!" అన్నాను.

ఒక అడుగు వేశాడు.

"పోతావా, పోవా? నీ కోసం ఊరందరి చేతా రాక్షసి అనిపించుకున్నా! తొంభై ఒక్క రోజులు కుక్కలా గుమ్మంలో పడున్నా! నువ్వొక్కడివి నా మాట విను! ఒక్కసారి! ఒక్కసారి ఎవరికైనా కాదని చెప్పవయ్యా!"

నా జన్మలో అంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు. చెవిలో ఈల ఒక్కసారిగా ఆగిపోయింది. నేల మొహం మీదికొచ్చింది.

తరవాత జరిగింది నాకు పాంగ్ చెప్పింది. ఆయన పరిగెత్తుకొచ్చి నా పక్కన కూలబడి, తొంభై ఒక్క రోజుల తరవాత మొదటి మాట అన్నాడట: "బండి!" న్యే వాళ్ళమ్మ ఎవరూ పట్టుకోకుండా తనే బండి దిగిందట. నన్ను ఎక్కించారు. న్యే తొక్కాడు. ఆయన వెనక కూర్చుని ఒక చెయ్యి నా నడినెత్తిన, ఒక చెయ్యి నా అరికాలి కింద పెట్టి, ఆసుపత్రిదాకా తియ్యలేదట. అక్కడా తియ్యలేదు. నర్సు తిడుతూ ఆయన చెయ్యి పక్కనుంచే ఇంజెక్షన్ ఇచ్చిందట. మర్నాడు మధ్యాహ్నం నేను కాలి వేలు కదిపేదాకా అలాగే ఉన్నాడు. కదిపాక, అక్కడే నేల మీద పడిపోయాడు.

ఇంకొక్క సంగతి. నేను పడిన గాభరాలో న్యే వాళ్ళమ్మకి ఎక్కిళ్ళు ఆగిపోయాయట. ఎవరూ చెయ్యి పెట్టకుండానే.

నాకు కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. మూతి వంకరైంది. నాలుక తిరగదు. సరైన వేళకి మందు పడింది కనక బతికారని ఆ కళ్ళజోడు డాక్టరమ్మ అంది. మాస్టారు నూరు రోజుల శక్తీ పెళ్ళాంలోకి పోశాడని వీధంతా అంది. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా, నాలుగో రోజు ఆయన్ని కుర్చీబండిలో నా మంచం దగ్గరికి తెచ్చినప్పుడు, బొగ్గు కొట్టులో చూసిన రోజుకన్నా తెల్లగా ఉన్నాడు.

నేను తిడదామని నోరు తెరిచాను. "మ్... మ్..." అని వచ్చింది.

"ఇన్నాళ్ళూ నేను నోరు మూసుకుని నీ తిట్లు విన్నానా? ఇప్పుడు నీ వంతు. విను" అన్నాడు. గొంతు అరిగిపోయినట్టుంది. నవ్వబోయాడు కానీ ఊపిరి చాలలేదు.

నా ఎడమ చెయ్యి తీసుకుని నా బొడ్డు కింద, వాళ్ళు ప్రాణశక్తి నిలిచే చోటు అనేచోట, ఆనించాడు.

"ఇక్కడున్నది నాది. నువ్వు కోప్పడ్డావంటే తగలబడేది నా సొత్తు. తెలిసిందా? నీది నువ్వు ఖర్చు పెట్టుకున్నావు, అయిపోయింది. ఇది మాత్రం పారబోయకే."

నేను ఎడమ చేత్తో ఆయన్ని కొట్టాను. ఛాతీ మీద తగిలింది. దెబ్బ కాదు, తట్టినట్టు కూడా లేదు. ఎవరు అడిగారు నిన్ను? ఎవరు అడిగారయ్యా? నాలుగు వందల మందిని గుమ్మంలోనే ఆపాను, నన్ను నేను ఆపలేకపోయాను. చివరికి ఆయన సత్తువంతా నేనే తిన్నాను.

రెండు రోజుల తరవాత పోయాడు.

దహనానికి ఊరంతా వచ్చింది. న్యే సెక్రటరీ నల్ల పట్టీ కట్టుకుని, ప్రజల కోసం చివరి శ్వాసదాకా ఇచ్చిన మహానుభావుడని కాగితం చూసి చదివాడు. ప్రజల కోసమట! కుర్చీలో కూలబడి వింటుంటే నరాలు బిగిశాయి. మెడ వెనక మళ్ళీ ఆ బరువు. వెంటనే ఎడమ చేత్తో పొట్ట పట్టుకుని ఊపిరి లోపలికి తీశాను, మెల్లగా వదిలాను. జీవితంలో ఒక్కరోజూ చెయ్యని పని. మొగుడి శవం ముందు ఆయన విద్య నేర్చుకోవాల్సొచ్చింది.

పోయి ఇరవై రోజులు కాలేదు, పాంగ్ వచ్చింది. నేను కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాను. లేవలేను, తలుపు వేయలేను. ఆవిడ వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుని కాసేపు ముక్కు చీదింది. తరవాత పైజామా మోకాలిదాకా మడిచింది.

"సుయిలాన్ అక్కా, తప్పుగా అనుకోకు. మాస్టారి శక్తంతా నీలోనే ఉందిగా. కాస్త..."

చీపురు గోడవార ఉంది. నాకు అందదు. నాలుక తిరిగితే ఏడు తరాలు కడిగేసేదాన్ని. నెత్తురు చెవుల్లోకి ఎక్కుతోంది. తగలబడేది నా సొత్తు అన్నాడే. కళ్ళు మూసుకున్నాను. ఊపిరి తీశాను. ఒకటి. రెండు. మూడు.

నేను ఊరుకోవడం చూసి ఆవిడ ఒప్పుకున్నాననుకుంది. చచ్చుబడిన నా కుడి చెయ్యి రెండు చేతులతో ఎత్తి మోకాలి మీద పెట్టుకుంది. ఆ చేతికి స్పర్శ లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆ మోకాలు నిజంగానే వాచి ఉంది, నీలంగా, నా పిడికిలికి రెండింతలు. నలభై ఏళ్ళుగా ఆవిడ మూలిగింది అబద్ధం కాదు.

"వెచ్చగా ఉందక్కా" అంది. అని, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఎడమ చెయ్యి బాగానే ఉంది. దాంతో కుడి చెయ్యి లాగేసుకోవచ్చు. లాగలేదు. అంత దగ్గరగా కూర్చుని ఒక మనిషి ఏడుస్తుంటే కాదనడం ఎంత కష్టమో, ఆయన ఎందుకు అనలేకపోయాడో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఆయన మీద ఇంకా మండింది. అరవడానికి మనిషి లేడు, మండటానికి నాకు హక్కు లేదు. పాంగ్ ఏడుపు అయ్యేదాకా చెయ్యి అక్కడే ఉంచి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.